ప్రవాహం మోసుకెళ్తుంది, లోతు మాత్రం మీ చేతిలో

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డ్రిఫ్ట్ డైవింగ్ గురించే. అందులోనూ లోతు తక్కువ ఉన్న పగడపు దిబ్బల మీద, అంటే ఐదు నుంచి పదిహేను మీటర్ల లోపు, ప్రవాహంతో పాటు సాగిపోతూ చేసే డైవ్‌ల గురించి. గైడ్‌గా నేను ఎక్కువ కాలం గడిపింది ఇలాంటి నీళ్లలోనే కాబట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఒకచోటే జవాబు రాశాను.

ప్రశ్న: మేడమ్, నేను డైవింగ్‌లో మొదటి మెట్టు అయిన ఓపెన్ వాటర్ కోర్సు ఈమధ్యే పూర్తి చేశాను. ఇప్పటిదాకా దిగిందంతా కదలని నీళ్లలోనే. వచ్చే నెల మా ఫ్రెండ్స్‌తో డ్రిఫ్ట్ డైవ్‌కు వెళ్తున్నాను. పది మీటర్ల లోతేగా, కాళ్లు కూడా ఆడించక్కర్లేదు అంటున్నారు వాళ్లు. నాకు మాత్రం ఒకటే టెన్షన్. నీళ్లు లాక్కుపోతుంటే మధ్యలో ఆగాలనిపిస్తే ఏం చేయాలి?

జవాబు: ముందు చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. డ్రిఫ్ట్ డైవ్‌లో ఆగడం ఉండదు. వేగం తగ్గించుకోవచ్చు, పక్కకు తప్పుకోవచ్చు, డైవ్ ముగించి పైకి వచ్చేయవచ్చు. ఉన్నచోట నిలబడిపోవడం మాత్రం కుదరదు. ఈ సంగతి మనసుకు ఎక్కిందంటే మీ టెన్షన్ చాలావరకు దిగిపోతుంది. కొత్తవాళ్లకు వచ్చే ఇబ్బందులన్నీ నిలబడాలని చూడటం దగ్గరే మొదలవుతాయి.

ఇక్కడ పడవ లంగరు వేసి కూర్చోదు. మీ బుడగలనో, గైడ్ లాక్కెళ్లే బోయ్‌నో (నీటి మీద తేలే గుర్తు) చూసుకుంటూ వెంటే వస్తుంది. దూకిన చోటికి తిరిగి రావలసిన పని లేదు కాబట్టి ముందుకు ఈదవలసిన అవసరమూ లేదు. ప్రవాహ వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, నిమిషానికి దాదాపు 31 మీటర్లు. వినడానికి మామూలు నడకలో సగం కూడా లేదు. కానీ వీపున సిలిండర్, ఒంటికి గాలి నింపుకునే జాకెట్, చుట్టూ గొట్టాలు ఉన్న మనిషి ఒక నాట్ ప్రవాహానికి ఎదురీదితే కొద్ది నిమిషాల్లో ఆయాసం వచ్చేస్తుంది. వేగం రెట్టింపైతే నీరు మనల్ని నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. కాళ్లలో ఎంత సత్తువ ఉన్నా ఈ లెక్క ముందు పనికిరాదు. అదే నీటి వాలున పోతే, 45 నిమిషాల్లో 1.4 కిలోమీటర్ల దిబ్బ కాలు కదపకుండా చూసేస్తారు.

మరి మీరు చేయాల్సిందేమిటంటే, లోతు చూసుకోవడం. అదొక్కటే. నా బృందంలో కొత్తవాళ్లను చేతులు కట్టుకోమంటాను. చేతులు ఖాళీగా ఉంటే ఏదో ఒకటి పట్టుకోవాలనిపిస్తుంది, లేదా నీళ్లను తోయాలనిపిస్తుంది. ఒళ్లు అడ్డంగా ఉంచి, పాదాలు కాస్త పైకి ఎత్తి, చూపు ఐదారు మీటర్ల ముందుకు పెట్టండి.

ఎదురుగా పగడపు బండ ఒకటి వస్తోందనుకోండి. దాన్ని దాటడానికి కాళ్లకు తొడుక్కున్న ఫిన్స్ కొట్టక్కర్లేదు. నిదానంగా, నిండుగా ఊపిరి తీసుకోండి. ఛాతీలో గాలి పెరిగి ఒళ్లు తేలికవుతుంది, అర మీటరో మీటరో పైకి లేస్తారు. అయితే ఊపిరి తీసుకున్న క్షణంలోనే ఒళ్లు కదలదు. రెండు మూడు సెకన్లు పడుతుంది. ఒక నాట్ ప్రవాహంలో మీరు సెకనుకు అర మీటరు పోతుంటారు. అందుకని బండ ఇంకా మూడు మీటర్ల దూరంలో ఉండగానే ఊపిరి మొదలుపెట్టాలి. బండ నెత్తి మీదుగా జారుతున్నప్పుడు వదలడం మొదలుపెడితే, అవతల వైపు మళ్లీ కిందికి దిగిపోతారు. కొత్తవాళ్లు బండ ముఖం ముందుకు వచ్చాక గబుక్కున ఊపిరి పీలుస్తారు. అప్పటికి మోకాళ్లు దానికి గీసుకుని, బండ దాటిపోయాక పైకి తేలతారు. ఈ ముందుచూపు కుదరడానికి మొదటి డైవ్‌లో పది నిమిషాలు పడుతుంది. కుదిరిన తర్వాత ఇంత హాయి ఇంకెక్కడా ఉండదు.

నిండుగా తీసుకోండి అన్నాను, బిగబట్టండి అనలేదు. ఈ తేడా ప్రాణాలకు సంబంధించింది. నిండు ఊపిరి బిగబట్టి పైకి లేస్తే, ఒకటిన్నర మీటరు లోపే ఊపిరితిత్తి చిట్లే ప్రమాదం ఉంది. మీ ఫ్రెండ్స్ ‘పది మీటర్లేగా’ అన్నారు చూడండి, దానికి నా జవాబు కూడా ఇక్కడే ఉంది. నీటి ఒత్తిడి నిష్పత్తిలో వేగంగా మారేది పైపైనే. 30 మీటర్ల నుంచి 27 మీటర్లకు లేస్తే జాకెట్‌లో గాలి 8 శాతం ఉబ్బుతుంది. అదే మూడు మీటర్లు, 5 నుంచి 2 మీటర్లకు లేస్తే 25 శాతం ఉబ్బుతుంది. ఉబ్బిన గాలి ఇంకా పైకి లాగుతుంది, లాగిన కొద్దీ ఇంకా ఉబ్బుతుంది. లోతు తక్కువైతే సిలిండర్‌లో గాలి ఎక్కువసేపు వస్తుంది, వెలుతురు బాగుంటుంది, రంగులు బాగుంటాయి. ఒళ్లు ఒకే మట్టంలో ఉంచడం మాత్రం అక్కడే కష్టం. అందుకే మీ మొదటి డ్రిఫ్ట్‌కు ముందు, కదలని నీళ్లలో ఐదు మీటర్ల దగ్గర ఏమీ పట్టుకోకుండా, ఫిన్స్ కొట్టకుండా, ఉన్న మట్టంలోనే కాసేపు నిలకడగా ఉండగలుగుతున్నారో లేదో చూసుకోండి. అది వచ్చిందంటే మీరు సిద్ధం.

ప్రశ్న: డైవ్ మొదట్లో నేను బాగానే ఉంటాను మేడమ్. చివరి పావుగంటలో మాత్రం పైకి తేలిపోతుంటాను. జాకెట్‌లో గాలంతా వదిలేసినా ఆగదు. పైగా మిగతావాళ్ల కంటే ముందుకు వెళ్లిపోతాను. గైడ్ వచ్చి కాలు పట్టుకుని కిందికి లాగాల్సి వస్తోంది. సిగ్గుగా ఉంటోంది.

జవాబు: సిగ్గుపడాల్సిందేమీ లేదండీ. మునగడానికి ఒంటికి కట్టుకునే సీసపు బరువులు మీకు చాలడం లేదు, అంతే.

గాలికి బరువుంటుంది. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ ఒత్తిడికి నింపితే అందులో 2400 లీటర్ల గాలి ఉంటుంది, దాని బరువు దాదాపు మూడు కిలోలు. 50 బార్ మిగిలేసరికి 1800 లీటర్లు పీల్చేసి ఉంటారు. అంటే దూకినప్పటికన్నా మీరు రెండు కిలోలకు పైగా తేలికయ్యారన్నమాట. దానికి తోడు పైకి వచ్చేకొద్దీ ఒంటి మీది రబ్బరు వెట్‌సూట్ మళ్లీ ఉబ్బి ఇంకాస్త తేలుస్తుంది. నిండు సిలిండర్‌తో సరిపోయిన సీసం, ఖాళీ సిలిండర్‌తో సరిపోదు.

కాబట్టి బరువు సరిచూసుకోవలసింది డైవ్ చివర్లో. సిలిండర్‌లో 50 బార్ ఉన్నప్పుడు, జాకెట్ పూర్తిగా ఖాళీ చేసి, ఐదు మీటర్ల దగ్గర మామూలుగా ఊపిరి తీసుకుంటూ అదే మట్టంలో ఉండగలగాలి. తేలిపోతుంటే ఒక కిలో కలపండి, మళ్లీ చూడండి. ఒకేసారి మూడు నాలుగు కిలోలు కట్టేసుకోకండి. సీసం ఎక్కువైతే దాన్ని తేల్చడానికి జాకెట్‌లో గాలి ఎక్కువ నింపాలి, ఆ గాలే పైపై నీళ్లలో ఉబ్బి మళ్లీ మిమ్మల్ని పైకి లాగుతుంది.

ముందుకు వెళ్లిపోవడం గురించి. అడుగున నీరు పగడాలకు, బండలకు రాసుకుంటూ పోతుంది కాబట్టి అక్కడ వేగం తక్కువ. రెండు మూడు మీటర్లు పైకి వస్తే ఆ ఒరిపిడి తగ్గి వేగం పెరుగుతుంది. మీరు పైకి తేలారు కాబట్టే ముందుకు పోయారు. బృందం విడిపోకుండా ఉండాలంటే అందరూ ఒకే లోతులో ఉండాలని గైడ్‌లు పట్టుబట్టేది ఇందుకే. పక్కపక్కన ఒకే మట్టంలో ఉన్నవాళ్లను నీరు ఒకే వేగంతో మోస్తుంది. వెనకబడిన బడ్డీ (జంటగా దిగిన తోడు) కోసం ఆగాలనుకుంటే కాస్త కిందికి దిగండి. ముందున్న వాళ్లను అందుకోవాలంటే కాస్త పైకి లేవండి. ఈదడం ఆ తర్వాతి మాట.

ప్రశ్న: నీటి అడుగున ఫొటోలు తీయడం నా హాబీ. ఒక రంగురంగుల సముద్రపు నత్త కనిపిస్తే ఒక చేత్తో పగడాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో ఫొటో తీశాను. పైకి వచ్చాక గైడ్ అందరి ముందూ కోప్పడ్డాడు. అంత గట్టి రాయిని రెండు వేళ్లతో పట్టుకుంటే ఏమైపోతుంది? పోనీ బండకు తగిలించే రీఫ్ హుక్ వాడొచ్చా?

జవాబు: అందరి ముందూ కోప్పడటం నాకూ నచ్చలేదు. కానీ అసలు విషయంలో న్యాయం ఆయన వైపే ఉంది, మీరు ఏమీ అనుకోకపోతే గట్టిగానే చెబుతాను.

మీరు పట్టుకున్నది రాయిలా గట్టిగానే ఉంటుంది. దాని పైపొర మాత్రం ప్రాణమున్న కండ. పాలిప్‌లనే చిన్న చిన్న జీవులు పలచగా పరుచుకుని, తమ కింద సున్నపు గూడు కట్టుకుంటూ పోతాయి. వేళ్లు నొక్కినచోట ఆ పొర గట్టి గూటికి, మీ వేలికి మధ్య నలిగి చిరుగుతుంది. చిరిగినచోట నాచు చేరుతుంది, రోగాలు చొరబడతాయి. ముద్దలుగా పెరిగే పోరైటీస్ జాతి పగడం పెరిగేది ఏడాదికి ఒక సెంటీమీటరు. కొమ్మలు వేసే అక్రోపోరా ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరిగినా చాలా పెళుసు. పైగా నిలవ నీళ్లలో తాకడానికీ, ప్రవాహంలో పట్టుకోవడానికీ పోలికే లేదు. ప్రవాహంలో మీరు పట్టుకుని వేలాడినప్పుడు, మీ ఒంటిని, సిలిండర్‌ను, కెమెరాను నీరు ఎంత బలంగా నెడుతుందో అదంతా ఆ రెండు వేళ్ల కింద పడుతుంది.

ఇంకొకటి కూడా ఆలోచించండి. ఒక దిబ్బ మీద డ్రిఫ్ట్ దారి దాదాపు ఒకటే ఉంటుంది. నీరు మిమ్మల్ని ఏ బండ పక్కకు తీసుకొచ్చిందో, వెనక వచ్చే వాళ్లందరినీ అదే బండ పక్కకు తీసుకొస్తుంది. మీ చేతికి అందిన కొమ్మే వాళ్ల చేతికీ అందుతుంది. పేరున్న దిబ్బల మీద ఇలా మలుపుల దగ్గర ఒకే ఎత్తున, చెయ్యి చాచితే అందేంత మేర, పగడం చచ్చి బూడిద రంగులో ఉండటం నేను చూశాను. రెండడుగులు కింద అదే బండ పచ్చగా, నిండుగా ఉంటుంది. అది చూసిన ప్రతిసారీ నాకు కడుపులో తిప్పినట్టవుతుంది. మెక్సికోలోని కొజుమెల్ మెరైన్ పార్కులో డైవర్లు గ్లవ్స్ వేసుకోవడానికే వీల్లేదు. తొడుగు ఉంటే చెయ్యి ధైర్యం చేస్తుంది, అదీ సంగతి. వట్టి చేతులతో ఫైర్ కోరల్‌ను ఒకసారి తాకితే ఇక మళ్లీ దేన్నీ పట్టుకోబుద్ధి కాదు. ఆవపొడి రంగులో, తెల్లటి అంచులతో ఉంటుంది అది. పగడాల్లోనే పెరుగుతుంది కానీ అసలు పగడాల కన్నా హైడ్రాలకు దగ్గరి జాతి. మంట, దద్దుర్లు రోజుల తరబడి వదలవు.

రీఫ్ హుక్‌కు చోటుంది. పలావు దేశంలోని బ్లూ కార్నర్ లాంటి చోట, దిబ్బ అంచున చచ్చిన బండకు కొక్కెం తగిలించి, జాకెట్‌లో కాస్త గాలి నింపుకుని, తాడు చివర తేలుతూ సొరచేపలను చూస్తారు. అక్కడ అందరినీ ఒక అంచున నిలపాలి, దానికి తగిన బండ ఉంది. బతికున్న పగడం దట్టంగా పరుచుకున్న లోతులేని దిబ్బ మీద కొక్కెం వేయడానికి చచ్చిన చోటు వెతుక్కోవాలి, వెతుక్కునేలోపు మీరు పది మీటర్లు దాటిపోతారు. నేను తీసుకెళ్లే దిబ్బల మీద హుక్ ఒప్పుకోను.

మరి ఫొటో ఎలా? పెద్ద బండలకు వాలు వైపున, అంటే నీరు దాటి వెళ్లే పక్కన, ప్రవాహం విరిగి నెమ్మదిస్తుంది. ముందుగానే బండ అంచుకు దగ్గరగా జరిగి, దాటగానే ఆ నెమ్మది నీళ్లలోకి తిరగండి. అక్కడ ముఖం ఎదురు వైపు పెట్టి ఫిన్స్ కొద్దిగా ఆడిస్తే నాలుగైదు ఫొటోలకు సరిపడా టైమ్ దొరుకుతుంది. కింద ఇసుక ఉన్న చోటు చూసుకోండి. గైడ్‌కు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మీరు బండ వెనకే ఉండగా బృందం వెళ్లిపోతుంది. ఇంకా మంచి సలహా ఏమిటంటే, డ్రిఫ్ట్‌కు వెళ్లే రోజు మాక్రో లెన్స్ తీసేసి వైడ్ లెన్స్ పెట్టుకోండి. గోరంత నత్త ప్రవాహంలో దొరికే సబ్జెక్ట్ కాదు. బారులు తీరిన చేపలు, ప్రవాహానికి విచ్చుకున్న మెత్తని పగడాలు, పైనుంచి పడే ఎండ, ఇవి దొరుకుతాయి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను ఆంటీ. టీవీలో చూశాను, డైవర్లు కొట్టుకుపోతుంటే చిన్న చిన్న చేపలు మాత్రం అక్కడే నిలబడి ఈదుతూ ఉన్నాయి. వాటికి అలుపు రాదా? పక్కకు వెళ్లి హాయిగా ఉండొచ్చు కదా?

జవాబు: ఎంత బాగా గమనించావు తల్లీ! డైవ్ చేసే పెద్దవాళ్లు కూడా చాలామంది ఈ ప్రశ్న అడగరు.

నువ్వు చూసినవి బహుశా ఆంథియాస్ అయి ఉంటాయి. నారింజ రంగులో, వేలెడంత పొడవుంటాయి. వాటికి తిండి ప్రవాహమే తెచ్చిపెడుతుంది. నీళ్లలో కొట్టుకొచ్చే ప్లాంక్టన్ అనే సన్నటి జీవులను అవి ఒక్కొక్కటిగా ఏరుకుని తింటాయి. అందుకే అన్నీ ముఖం ఎదురు వైపే పెట్టి ఉంటాయి. పక్కకు వెళ్తే అలుపు ఉండదు, అన్నమూ ఉండదు. ప్రవాహం మరీ పెరిగితే అవి కిందికి దిగి పగడానికి దగ్గరగా చేరతాయి, అక్కడ నీటి వేగం తక్కువ కదా. తగ్గితే మళ్లీ పైకి, దూరంగా విస్తరిస్తాయి. కాబట్టి ఆ గుంపు పగడానికి ఎంత దగ్గరగా ఉందో చూస్తే నీటి జోరు ఎంతుందో నాకు తెలిసిపోతుంది.

దిబ్బ మీద చాలా జీవులు ఇలాగే బతుకుతాయి. విసనకర్ర ఆకారంలో ఉండే సీ ఫ్యాన్ ప్రవాహానికి సరిగ్గా అడ్డంగా పెరుగుతుంది, వచ్చే తిండి అంతా దాని కన్నాల గుండానే పోవాలి కాబట్టి. నీళ్లు నిలిచిపోయినా సరే, దాన్ని చూసి ఇక్కడ ప్రవాహం మామూలుగా ఎటు నుంచి ఎటు పోతుందో చెప్పవచ్చు. ఇసుకలో గార్డెన్ ఈల్స్ అని సన్నటి పాముల్లాంటి చేపలు ఉంటాయి. తోక కన్నంలోనే ఉంచి, సగం ఒళ్లు బయటకు చాచి, అన్నీ ఒకే దిక్కుకు తల తిప్పి తింటుంటాయి. దగ్గరికి వెళ్తే ఒక్కొక్కటీ కన్నంలోకి జారిపోతుంది. మెత్తని పగడాలు ప్రవాహం ఉన్నప్పుడు నీళ్లు నింపుకుని నిండుగా విచ్చుకుంటాయి, ఆగిపోయినప్పుడు ముడుచుకుని వాడిపోయినట్టు కనిపిస్తాయి. ఒకే దిబ్బను రెండు వేళల్లో చూస్తే రెండు వేర్వేరు చోట్లు అనుకుంటావు.

పెద్ద చేపలకు ఇంకో ఉపాయం ఉంది. ఫ్రెంచ్ పాలినీషియాలోని ఫకారవా దీవి దగ్గర, సముద్రపు నీరు ఇరుకు దారి గుండా లోపలికి వెళ్లేటప్పుడు అడుగున వాలుకు తగిలి పైకి లేస్తుంది. అక్కడ వందల కొద్దీ బూడిద రంగు సొరచేపలు ఆ లేచే నీటి మీద ఆనుకుని, తోక ఎక్కువ ఆడించకుండా నిలబడతాయి. చివరికి వెళ్లాక వెనక్కి జారి, మళ్లీ మొదటికి చేరి, మళ్లీ ఆనుకుంటాయి. అలా బోలెడు శక్తి మిగుల్చుకుంటాయని సైంటిస్టులు కొలిచి చెప్పారు.

ప్రశ్న: ప్రవాహం ఎప్పుడు ఎంత ఉంటుందో దూకక ముందే ఎలా తెలుస్తుంది?

జవాబు: చోటును బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల ప్రవాహం ఆటుపోట్లతో నడుస్తుంది. చాలా తీరాల్లో పోటు ఎక్కడానికి ఆరు గంటల పైచిలుకు, తీయడానికి ఆరు గంటల పైచిలుకు పడుతుంది. మొదట్లో, చివర్లో నీరు దాదాపు నిలుస్తుంది, మధ్య రెండు గంటల్లో ఉధృతి ఎక్కువ. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోటు పెద్దది కాబట్టి ప్రవాహమూ ఎక్కువ. అష్టమి రోజుల చుట్టూ తక్కువ. మొదటిసారి డ్రిఫ్ట్ చేసేవాళ్లు అష్టమి దగ్గర పెట్టుకుంటే మంచిది.

మాల్దీవుల లాంటి వలయాకార దీవుల దగ్గర, దిబ్బల మధ్య సందుల్లో, దిక్కు కూడా చూసుకోవాలి. పోటు ఎక్కేటప్పుడు బయటి సముద్రపు తేట నీరు లోపలికి వస్తుంది, మీరూ లోపలి ప్రశాంతమైన నీళ్లలో తేలతారు. తీసేటప్పుడు లోపలి మడ్డి నీరు బయటకు పోతుంది, దాంతోపాటు మీరూ నడిసముద్రం వైపు పోతారు. నా ఓటు ఎప్పుడూ పోటు ఎక్కే వేళకే.

కొజుమెల్‌లో ఈ లెక్కలు అంతగా పనిచేయవు. అక్కడ యుకటాన్ ప్రవాహం ఎక్కువ రోజులు దక్షిణం నుంచి ఉత్తరానికే సాగుతుంది. పోటు వేళల పట్టిక ఏం చెప్పినా, దూకే చోట ఒకరు నీళ్లలోకి దిగి చూసి రావడం మంచి గైడ్‌ల పద్ధతి. లంగరు లేని పడవ మీద ఇంజిన్ ఆపి, తీరం మీద రెండు గుర్తులు పెట్టుకుని, ఎటు జరుగుతున్నామో చూడటం కూడా నాకు అలవాటు. కాకపోతే గాలి కూడా పడవను తోస్తుంది కాబట్టి అది ఉరామరి అంచనాయే.

ప్రశ్న: పది మీటర్ల లోతులో ఎంతసేపు ఉండొచ్చు?

జవాబు: లోతులో ఒంట్లోకి చేరే నైట్రోజన్ పరంగా చూస్తే చాలాసేపు. పాడీ అనే డైవింగ్ శిక్షణ సంస్థ పట్టిక ప్రకారం 10 మీటర్ల దగ్గర మొదటి డైవ్‌కు 219 నిమిషాల దాకా హద్దు ఉంది. మీ సిలిండర్ అంతసేపు రాదు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి అక్కడ 40 లీటర్లు పీలుస్తాడు. 12 లీటర్ల సిలిండర్‌లో 150 బార్ వాడుకుంటే 45 నిమిషాలు. డ్రిఫ్ట్‌లో తిరుగు ప్రయాణం లేదు కదా అని చివరి దాకా పీల్చకండి. 70, 80 బార్ దగ్గర గైడ్‌కు చెయ్యి చూపించండి. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్, ఆ తర్వాత పైన పడవ వచ్చేదాకా అలల మధ్య నోట్లో రెగ్యులేటర్ (సిలిండర్ గాలి అందించే మూతి) పెట్టుకునే అవకాశం, ఈ రెండిటికీ గాలి కావాలి.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఉద్యోగంలో చేరినప్పటి నుంచి సెలవు దొరికితే డైవింగ్ అంటున్నాడు. పడవ కదులుతూనే ఉంటుందట, వీళ్లు ఎక్కడో తేలతారట. పడవ వాళ్లకు వీడు కనిపించకపోతే? వద్దని చెప్పలేను, చెప్పినా వినడు. వాణ్ని ఏమేం అడగాలో మీరు చెప్పండి.

జవాబు: మీ భయానికి అర్థం ఉందమ్మా. ఊరికే ధైర్యం చెప్పి పంపను.

1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక అమెరికన్ జంట డైవ్‌లో ఉండగానే, మనుషుల లెక్క సరిగా చూసుకోకుండా పడవ ఒడ్డుకు వచ్చేసింది. వాళ్లు రాలేదన్న సంగతి రెండు రోజుల తర్వాత గానీ ఎవరికీ తట్టలేదు. వాళ్లు మళ్లీ దొరకలేదు. ఆ తర్వాత క్వీన్స్‌లాండ్‌లో తలల లెక్క మీద నిబంధనలు కఠినం చేశారు. ఇది చెప్పింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ప్రమాదం నీళ్లలో కన్నా పడవ మీది కాగితంలో ఉందని మీకు తెలియాలని. లెక్క రాసుకునే పడవ ఎంచుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది.

కాబట్టి మీ అబ్బాయిని మొదట ఇది అడగండి: దూకే ముందు, ఎక్కిన తర్వాత పేర్లు పిలిచి టిక్ పెడుతున్నారా? తలలు లెక్కపెట్టడం కన్నా పేర్లు పిలవడం మేలు, ఎవరో ఇద్దరు సీట్లు మారితే తలల లెక్క తప్పుతుంది. తర్వాత, వాడి దగ్గర సొంత మార్కర్ బోయ్ ఉందా? గాలి ఊదితే మనిషంత పొడవు నిలబడే నారింజ రంగు గొట్టం అది, మడిస్తే జేబులో పడుతుంది. దాన్ని ఐదు మీటర్ల లోతు నుంచే రీల్ దారంతో పైకి వదలడం వాడికి వచ్చా, లేక కొని జేబులో పెట్టుకు తిరుగుతున్నాడా? అర కిలోమీటరు దూరంలో అలల మధ్య మనిషి తల కొబ్బరికాయ తేలుతున్నట్టు ఉంటుంది, పడవ మీదివాళ్ల కంటికి ఆనదు. ఆ గొట్టం ఆనుతుంది. నా బృందంలో ప్రతి ఒక్కరి దగ్గరా అది ఉంటేనే నేను దూకుతాను, గైడ్ దగ్గర ఒకటి ఉంటే చాలదు. విజిల్, ఎండలో మెరిసే చిన్న అద్దం, రెండూ జాకెట్‌కు కట్టి ఉండాలి. కొన్నిచోట్ల పసుపు బోయ్‌ను ఆపదకు గుర్తుగా వాడతారు, బ్రీఫింగ్‌లో అడిగి తెలుసుకోమనండి.

బడ్డీ కనిపించకపోతే ఒక్క నిమిషం చుట్టూ చూసి, ఆ తర్వాత బోయ్ వదిలి నిదానంగా పైకి రావాలి. నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకూడదు. వెనక్కి ఈది వెతకడం వద్దే వద్దు. ఇద్దరినీ ఒకే నీరు మోస్తోంది కాబట్టి, ఇద్దరూ పైకి వస్తే దగ్గర దగ్గరలోనే తేలతారు. పైకి వచ్చేటప్పుడు ఇంజిన్ చప్పుడు వినిపిస్తే ఆగి పైన చుట్టూ చూడాలి. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కన్నా నాలుగు రెట్లు ఎక్కువ, అందుకని ఏ వైపు నుంచి వస్తోందో చెవులకు తెలియదు.

ఒకవేళ పడవ దూరంగా ఉంటే? జాకెట్ నిండా గాలి నింపి, బోయ్ నిలబెట్టి, బడ్డీతో చేతులు పట్టుకుని తేలుతూ ఉండాలి. కనిపిస్తున్న తీరం వైపు ప్రవాహానికి ఎదురు ఈదకూడదు. పడవ వాళ్లు నీటి వాలునే వెతుక్కుంటూ వస్తారు, మీవాడు ఆ దారిలోనే ఉండాలి. ఇవన్నీ వాడు గడగడా చెప్పేస్తే మీరు నిశ్చింతగా పడుకోవచ్చమ్మా. తడబడితే, ఈ పేజీ వాడికి పంపండి. కోర్సు చేసిన చోటికి మళ్లీ వెళ్లి బోయ్ వదలడం ఒక పూట ప్రాక్టీస్ చేయమనండి. అమ్మ అడిగింది అంటే ఎంత మొండివాడైనా చేస్తాడు.

ప్రశ్న: లోతు తక్కువ కదా, ఉదయం డ్రిఫ్ట్ డైవ్ చేసి అదే రోజు సాయంత్రం విమానం ఎక్కొచ్చా?

జవాబు: ఎక్కకండి. డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ చెప్పే ప్రకారం ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి లేదా వరుసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. లోతు తక్కువని ఇందులో మినహాయింపు లేదు. నేనైతే ఒక రోజు పూర్తిగా వదిలేసి టికెట్ తీసుకుంటాను. ఆ ఖాళీ రోజున ఒడ్డు దగ్గర స్నార్కెల్‌తో తేలుతూ గడపవచ్చు, దానికి ఏ అడ్డూ లేదు. స్నార్కెల్‌తోనైనా సరే, దిగే ముందు నీరు ఎటు పోతోందో, ఎక్కడ ఒడ్డుకు ఎక్కాలో చూసుకుని దిగండి.